డిస్కులు కొత్తవి, హ్యాండ్ బ్రేక్ వదులు: సర్దుబాటు ఎక్కడ మొదలవ్వాలి?

కారు వెనక చక్రాలకు కొత్త డిస్కులు వేయించాక కాలి బ్రేకు చక్కగా పట్టుకుంటుంది, హ్యాండ్ బ్రేక్ మాత్రం చెడుతుంది. లివర్ పైదాకా లాగినా సెల్లార్ ర్యాంపు మీద బండి మెల్లగా జారుతుంది. ఒక్కోసారి ఇందుకు సరిగ్గా విరుద్ధంగా, లివర్ పూర్తిగా దించినా ఒక చక్రం రాపిడితో వేడెక్కుతుంది. ఈ రెండింటికీ వర్క్‌షాపుల్లో ఎక్కువగా వినిపించే మందు ఒకటే: కేబుల్. జారితే బిగించు, రాసుకుంటే వదులు చెయ్యి. దీన్ని ఒప్పుకోనివాళ్ళు మొదట చక్రం దగ్గర షూలు సర్దాలంటారు. కాలి బ్రేకు పదే పదే తొక్కితే అదే సర్దుకుంటుందనేవాళ్ళు ఉన్నారు. స్కానర్ పెట్టకుండా చెయ్యి వెయ్యవద్దనేవాళ్ళు, హ్యాండ్ బ్రేక్ కొంచెం లాగి ఉంచి కొంత దూరం నడపమనేవాళ్ళు, అలా నడిపితే షూలు కాలిపోతాయనేవాళ్ళు కూడా ఉన్నారు. వీటిలో పూర్తిగా తప్పైన సలహా దాదాపు లేదు. ప్రతిదీ ఏదో ఒక రకం బ్రేకుకు సరైనదే. ఒక రకానికి పుట్టిన నియమాన్ని ఇంకో రకానికి తగిలించడంతో చర్చ చిక్కుముడి పడింది.

ఈ వ్యాసం నిలబెట్టదలచిన వాదన ఇది. డిస్క్ మార్చినప్పుడు కేబుల్ పొడవు మారలేదు, లివర్ మారలేదు. మారినదంతా చక్రం దగ్గరే: కొత్త ఇనుము, కొత్త కొలత, కొత్త ఖాళీ, కొత్త ఉపరితలం. కాబట్టి సర్దుబాటు చక్రం దగ్గర మొదలై కేబుల్ దగ్గర ముగియాలి. ఈ క్రమం అన్ని రకాలకూ వర్తిస్తుంది, పద్ధతి మాత్రం రకానికొకటి.

డిస్కుతో వచ్చిన చిక్కు

డ్రమ్ము బ్రేకుల కాలంలో హ్యాండ్ బ్రేక్ ఒక ప్రత్యేక సమస్య కాదు. కాలి బ్రేకుకు వాడే షూలనే ఒక చిన్న లివర్ ద్వారా కేబుల్ కూడా తెరిచేది. డ్రమ్ములో షూ తిరిగే దిశలో డ్రమ్ము వైపుకు లాక్కోబడుతుంది, అంటే తన పట్టును తానే పెంచుకుంటుంది. అందుకే చేతి బలం సరిపోయేది. డిస్కులో ఆ సాయం లేదు. ప్యాడ్‌ను ఎంత బలంతో నొక్కితే అంతే పట్టు. కాలి బ్రేకుకు ఇబ్బంది లేదు, నూనె పీడనమూ బూస్టరూ ఆ బలాన్ని ఇస్తాయి. పార్క్ చేసిన బండిని గంటల తరబడి నిలపడానికి మాత్రం నూనె పీడనాన్ని నమ్మలేం, యాంత్రికమైన పట్టే కావాలి.

1957లో వచ్చిన జాగ్వార్ ఎక్స్‌కే 150 లాంటి తొలి నాలుగు డిస్కుల కార్లలో వెనక డిస్కుకు హ్యాండ్ బ్రేక్ కోసం వేరే చిన్న ప్యాడ్లు అమర్చారు. చిన్న ప్యాడ్లు, చేతి బలం, సొంత పట్టు పెంచుకోలేని డిస్క్: ఈ మూడూ కలిసి ఆ అమరికకు మంచి పేరు తేలేదు. 1963లో వచ్చిన పోర్షే 356 సి మరో దారి పట్టింది. వెనక డిస్క్ నడుమ ఉండే బోలు భాగాన్నే లోపలివైపు చిన్న డ్రమ్ముగా చెక్కి, అందులో హ్యాండ్ బ్రేక్ కోసమే షూలు పెట్టారు. మూడో దారి, కాలి బ్రేకు ప్యాడ్లను నొక్కే క్యాలిపర్‌లోనే మరను ఇమిడ్చి, కేబుల్ లాగితే అదే పిస్టన్ బయటికి వచ్చేలా చెయ్యడం. 2000 దశకం మొదట్లో బీఎండబ్ల్యూ 7 సిరీస్, ఆడి ఏ8 లాంటి కార్లతో చేతి స్థానంలోకి మోటారు వచ్చింది. కొన్నిటిలో అది కేబుల్‌ను లాగుతుంది, కొన్నిటిలో క్యాలిపర్ మీదే కూర్చుని పిస్టన్‌ను నెడుతుంది.

మన రోడ్ల మీద చిన్న కార్లలో చాలావాటికి వెనక ఇప్పటికీ డ్రమ్ములే. అందువల్ల మెకానిక్కుల చేతికి అలవాటైనది డ్రమ్ము సర్దుబాటు, దానితో పాటు కేబుల్ బిగింపు. వెనక డిస్కులున్న కార్లు పెరుగుతున్నాయి గాని ఆ అలవాటు అలాగే వాటి మీదికీ వచ్చేసింది. ఇది ఎవరి నిర్లక్ష్యమూ కాదు. పని నేర్చుకున్న బండి వేరు, చేస్తున్న బండి వేరు.

పట్టు ఎంత కావాలి

ఈ చర్చలో లెక్క అరుదుగా వినిపిస్తుంది. వేసి చూస్తే చాలా సందేహాలు తీరతాయి. ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం వారి 13-హెచ్ నియమం ప్రకారం నిండు బరువుతో ఉన్న కారును 20 శాతం వాలు మీద, అంటే అయిదు మీటర్లకు ఒక మీటరు లేచే వాలు మీద, ఎగువకూ దిగువకూ హ్యాండ్ బ్రేక్ నిలపాలి. చేతితో లాగే బలం 400 న్యూటన్లు, సుమారు 40 కిలోల బరువు, దాటకూడదు. బరువుతో కలిపి 1,500 కిలోలున్న కారును తీసుకుందాం. ఆ వాలు మీద దాన్ని కిందికి లాగే బలం దాదాపు 2,900 న్యూటన్లు. రెండు వెనక చక్రాలు పంచుకుంటే ఒక్కోదానికి 1,450. టైరు వ్యాసార్ధం 30 సెంటీమీటర్లయితే ఒక్కో చక్రం దగ్గర 435 న్యూటన్ మీటర్ల మెలి బలాన్ని ఆపాలి.

ప్యాడ్లు డిస్కును సుమారు 12 సెంటీమీటర్ల వ్యాసార్ధంలో పట్టుకుంటే అక్కడ 3,600 న్యూటన్ల ఘర్షణ కావాలి. ఘర్షణ గుణకం 0.35 అనుకుంటే, రెండు ముఖాలకూ కలిపి లెక్కేసినా, ప్యాడ్లను 5,200 న్యూటన్లతో నొక్కాలి. అది అర టన్నుకు పైమాట, అదీ ఒక్కో చక్రానికి. చేతి నుంచి 400 న్యూటన్లే వస్తున్నప్పుడు రెండు చక్రాలకూ కలిపి లివర్లు, మర దాన్ని 26 రెట్లు పెంచాలి, కేబుల్‌లో పోయేది కాక. ఇంత పెంచే యంత్రానికి ప్రయాణం చాలా తక్కువ మిగులుతుంది. బలం పెరిగిన మేరకు కదలిక తగ్గుతుంది. చక్రం దగ్గర అర మిల్లీమీటరు అనవసరమైన ఖాళీ ఉంటే, దాన్ని పూడ్చడానికే లివర్ ప్రయాణంలో పెద్ద భాగం ఖర్చవుతుంది.

డిస్క్ లోపలి చిన్న డ్రమ్ము లెక్క వేరు. వ్యాసార్ధం తక్కువ, సుమారు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, కనుక ఘర్షణ 5,100 న్యూటన్లు కావాలి. ఇందులో సాధారణంగా ఉండేది డ్యుయో సర్వో అమరిక. ఒక షూ తిరిగే దిశలో లాక్కోబడి రెండోదాన్ని నెడుతుంది, అది ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. షూల కొనల దగ్గర ఇచ్చిన బలానికి నాలుగైదు రెట్ల ఘర్షణ పుడుతుంది కాబట్టి 1,300 న్యూటన్ల ప్రాంతంలో నెడితే చాలు. ముందుకైనా వెనక్కైనా ఇలాగే పని చేస్తుంది కనుక బండి ఎటు తిరిగి నిలిచినా ఫరవాలేదు. ఈ లాభానికి ఒక మూల్యం ఉంది. ఘర్షణ గుణకం పావు వంతు తగ్గితే డిస్కులో పట్టు పావు వంతే తగ్గుతుంది. డ్యుయో సర్వోలో ఆ నష్టం కూడా రెట్టింపు దారిన పోయి సగం దాకా చేరవచ్చు. నూనె పొర, తుప్పు, షూ మీద నిగనిగలాడే గట్టి పొర, ఇవన్నీ ఇక్కడ ఎక్కువ దెబ్బ తీస్తాయి.

కేబుల్ ముందా, చక్రం ముందా

కేబుల్ పక్షం వాదన తేలికగా కొట్టిపారేసేది కాదు. కేబుల్ ఏళ్ళ తరబడి లాగబడి సాగుతుంది. దాని బిగింపు మర చాలా కార్లలో లివర్ దగ్గరే, సీట్ల నడుమ ఉంటుంది. చక్రం విప్పకుండా పది నిమిషాల్లో పని అయిపోతుంది, లివర్ మళ్ళీ నాలుగైదు క్లిక్కులకే నిలుస్తుంది, కారు యజమాని చేతికి గట్టిగా తగులుతుంది. తయారీదారులు కూడా కేబుల్ బిగింపు మరను ఊరికే పెట్టలేదు కదా అనే ప్రశ్న న్యాయమైనదే.

దీనికి చక్రం పక్షం ఇచ్చే జవాబు యంత్రం లోపలి నుంచి వస్తుంది. కేబుల్‌తో ఖాళీని పూడ్చితే చక్రం లోపలి లివర్ తన విశ్రాంతి స్థానానికి తిరిగి రాదు, ఎప్పుడూ కొంత లాగబడే ఉంటుంది. మర ఇమిడిన క్యాలిపర్‌లో ఇది ప్రత్యక్షంగా హాని చేస్తుంది. ప్యాడ్ అరిగే కొద్దీ పిస్టన్‌ను తనంతట తాను ముందుకు జరుపుకునే ఏర్పాటు లోపల ఉంటుంది, లివర్ పూర్తిగా వెనక్కి వచ్చి స్టాపర్‌ను తాకితేనే అది సరిగా పని చేస్తుంది. కేబుల్ బిగుసుకుని లివర్ సగంలో ఆగితే ఆ ఏర్పాటు మొరాయిస్తుంది, ఖాళీ పెరుగుతుంది, హ్యాండ్ బ్రేక్ మళ్ళీ వదులవుతుంది, మళ్ళీ కేబుల్ బిగిస్తారు. రోగం మందుతోనే ముదురుతుంది. షూల అమరికలో హాని ఇంకో రూపంలో వస్తుంది. లివర్ ముందే కొంత తిరిగి ఉండడం వల్ల మిగిలిన ప్రయాణంలో అది లాగే కోణం చెడుతుంది, చేతికి గట్టిగా తగిలినా షూల దగ్గరికి చేరే బలం తక్కువ. చేతికి తగిలే బిగువు, చక్రం దగ్గరి పట్టు ఒకటి కావు. ఈ చర్చలో ఎక్కువ మందిని దారి తప్పించేది ఇదే.

కేబుల్ సాగుతుందన్న మాట నిజమే. అయితే ఆ సాగుదల డిస్కులు మార్చిన రోజున జరగలేదు. నిన్నటి దాకా బాగా పట్టిన హ్యాండ్ బ్రేక్ ఇవాళ కొత్త డిస్కుతో జారుతోందంటే కారణం నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య మారిన చోటే వెతకాలి. పాత డిస్క్ లోపలి డ్రమ్ము ఒక మిల్లీమీటరు వ్యాసం అరిగి ఉందనుకుందాం. అరుగుదల హద్దు మామూలుగా కొత్త కొలత మీద ఆ ప్రాంతంలోనే ఉంటుంది. కొత్త డ్రమ్ము అంత మేర చిన్నది. పాతదానికి సర్దిన షూలు ఇందులో పట్టవు. డిస్క్ ఎక్కించడం కోసం షూలను పూర్తిగా దగ్గరికి తిప్పేస్తారు, ఎక్కాక తిరిగి తెరవడం మరిచిపోతారు. అలా మిగిలిన ఖాళీ వ్యాసం మీద ఒక మిల్లీమీటరే అయినా, చక్రంలోని లివర్ నిష్పత్తి 5 అయితే కేబుల్ చివర కనీసం 5 మిల్లీమీటర్లు, చేతి లివర్ నిష్పత్తి 6 అయితే పిడి దగ్గర 30 మిల్లీమీటర్లు వృథా. పిడి పైకంటా రావడానికి వేరే కారణం వెతకనక్కర్లేదు.

కేబుల్ మర ఎందుకు ఉన్నట్టు? చివరి కొలత కోసం. చక్రాలు రెండూ సరిగా సర్దాక పిడి ఎన్ని క్లిక్కులకు నిలవాలో ఆ కారు మాన్యువల్ చెబుతుంది. అప్పుడు మర తిప్పి ఆ సంఖ్యకు తేవాలి. చక్రాలు సరిగా ఉండి కూడా అది రాకపోతే కేబుల్ సాగిందనో తొడుగులో తుప్పు పట్టిందనో తేలుతుంది. విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో ఈ తుప్పు సాధారణం. అలాంటి కేబుల్‌ను మార్చాలి, బిగించి లాభం లేదు.

డిస్క్ లోపలి డ్రమ్ము: ఎక్కువ తప్పులు జరిగే చోటు

కొత్త డిస్కులు తుప్పు పట్టకుండా నూనె పొరతో వస్తాయి. ప్యాడ్లు తగిలే రెండు ముఖాలనూ బ్రేక్ క్లీనర్‌తో తుడవడం అందరూ చేస్తారు. లోపలి డ్రమ్ము ఉపరితలం కంటికి కనబడదు, తుడుపు అక్కడిదాకా పోదు. ఆ నూనె షూల లైనింగులోకి ఇంకితే, డ్యుయో సర్వో గురించి పైన చెప్పిన లెక్క ప్రకారం, పట్టు సగం దాకా పోవచ్చు. ఎంత సర్దినా ఆ నష్టం పూడదు. డిస్కుల మార్పిడి తర్వాత కేబుల్, షూలు అన్నీ సరిగా ఉండి కూడా బండి జారుతోందంటే మొదట అనుమానించవలసింది ఈ నూనెనే.

తర్వాతది హబ్ ముఖం. పాత తుప్పు పొరలు అక్కడ మిగిలితే కొత్త డిస్క్ ఓరగా కూర్చుంటుంది. అప్పుడు చక్రం చుట్టు తిరిగేటప్పుడు ఒక చోట షూ రాసుకుంటుంది, ఇంకో చోట వదులుగా ఉంటుంది, షూలను సర్దే పళ్ళ చక్రాన్ని ఎంత తిప్పినా సమంగా రాదు. చాలా డిస్కులను హబ్‌కు పట్టి ఉంచేది ఒకే చిన్న స్క్రూ. కాబట్టి సర్దేముందు చక్రం నట్లు తాత్కాలికంగా బిగించి డిస్కును నిటారుగా కూర్చోబెట్టాలి. ఈ ఒక్క పని వదిలేయడం వల్ల చక్రం తొడిగాక సర్దుబాటు మారిపోతుంది.

సర్దే క్రమంలో పెద్ద వివాదం లేదు, అమలులోనే ఉంది. ముందు కేబుల్‌ను పూర్తిగా వదులు చెయ్యాలి. డిస్కులోని రంధ్రం గుండా స్క్రూడ్రైవర్‌తో పళ్ళ చక్రాన్ని డిస్క్ చేతితో తిరగనంత దాకా తిప్పాలి, ఆ మీదట మాన్యువల్ చెప్పినన్ని పళ్ళు వెనక్కి తిప్పాలి. ఆ సంఖ్య మోడల్‌ను బట్టి మారుతుంది, ఒక కారుది ఇంకో కారుకు వాడకూడదు. తర్వాత లివర్‌ను కొన్ని సార్లు లాగి వదలాలి, షూలు డ్రమ్ము నడుమకు సర్దుకుంటాయి, మళ్ళీ ఒకసారి చూసుకోవాలి. రెండు వైపులా ఇలా అయ్యాకే కేబుల్. చివర్లో లివర్ దించి రెండు చక్రాలూ చేతితో స్వేచ్ఛగా తిరుగుతున్నాయో లేదో చూడాలి.

షూలు కూడా మార్చాలా అన్నదానిపై రెండు మాటలున్నాయి. ఇవి నిలిచిన బండిని పట్టుకోవడానికే కాబట్టి దాదాపు అరగవని, లైనింగ్ మందం మాన్యువల్ హద్దుకు పైన ఉంటే ఉంచేయవచ్చని ఒక మాట. హద్దు చాలా కార్లకు 1 నుంచి 1.5 మిల్లీమీటర్లు. మందం ఉన్నా లైనింగ్ ముఖం పాత డ్రమ్ము వంపుకు ఒదిగి ఉంటుందని, కొత్త డ్రమ్ములో అది అక్కడక్కడే తగులుతుందని రెండో మాట. రెండూ నిజమే. మందం కొలవడంతో ఆగకుండా ముఖం చూడాలి. నూనె ఇంకిన జాడ, నిగనిగలాడే పొర, లోహపు పలక నుంచి లేచిన లైనింగ్, వీటిలో ఏది కనబడినా మార్చడమే సరి. డిస్కులు విప్పి ఉన్నప్పుడు షూల మార్పిడికి పెద్ద శ్రమ లేదు, తర్వాత మళ్ళీ విప్పడమే ఖర్చు.

మర ఇమిడిన క్యాలిపర్

ఇక్కడ తప్పు పనిలో మొదటే జరుగుతుంది. కొత్త డిస్క్, కొత్త ప్యాడ్లు పాతవాటికంటే మందం కాబట్టి పిస్టన్‌ను లోపలికి పంపాలి. ముందు చక్రాల అలవాటుతో దాన్ని నేరుగా నొక్కితే లోపలి మర దెబ్బతింటుంది. దీన్ని తిప్పుతూ పంపాలి, అందుకు తగిన సాధనం ఉంది. కుడి ఎడమలకు తిప్పే దిశ వేరుగా ఉండే కార్లూ ఉన్నాయి. కొన్నిటిలో పిస్టన్ ముఖం మీది గాడి ప్యాడ్ వెనకున్న చిన్న మొనకు సరిగ్గా ఎదురు రావాలి, లేకపోతే ప్యాడ్ ఓరగా కూర్చుని ఒకవైపే అరుగుతుంది.

పిస్టన్ లోపలికి పోయాక దాన్ని ప్యాడ్ దాకా తేవడం ఎలా అన్నది అసలు వివాదం. ఎక్కువ డిజైన్లలో కాలి బ్రేకు ఒత్తిడికి పిస్టన్ బయటికి వచ్చినప్పుడే మర తన స్థానం సర్దుకుంటుంది కాబట్టి ముందు పెడల్ పదే పదే తొక్కాలి, పెడల్ గట్టిపడే దాకా లివర్ ముట్టుకోకూడదు. కొన్ని డిజైన్లలో లివర్‌ను లాగి వదిలినప్పుడే ఒక్కో పన్ను జరుగుతుంది. రెండు పక్షాలూ తమ కారుకు సంబంధించినంత వరకు సరైనవే. ఏది తెలియకపోయినా, కేబుల్‌ను వదులుగా ఉంచి ముందు పెడల్, తర్వాత లివర్ అనే క్రమం ఎవరికీ హాని చెయ్యదు. క్యాలిపర్ లివర్ స్టాపర్‌ను తాకుతోందా అని కంటితో చూశాకే కేబుల్ మర ముట్టుకోవాలి.

మోటారు వచ్చాక

క్యాలిపర్ మీద మోటారు ఉన్న బండిలో మరను మోటారుతోనే వెనక్కి తెప్పించాలి, ఆ తర్వాత పిస్టన్‌ను నేరుగా నొక్కవచ్చు. స్కానర్‌తో సర్వీస్ మోడ్‌లో పెట్టడం రాజమార్గం. కొన్ని మోడళ్ళలో స్విచ్చు, పెడల్ కలిపి నొక్కే క్రమంతో స్కానర్ లేకుండానే ఆ మోడ్‌లోకి పోవచ్చు. మోటారుకు నేరుగా 12 వోల్టులు ఇచ్చి తిప్పే పద్ధతి కూడా వాడుకలో ఉంది. దాని మీద అభ్యంతరం సబబైనదే: మర ఎక్కడ ఉందో కంట్రోల్ యూనిట్‌కు తెలియదు, చివరిదాకా తిప్పితే అక్కడ బిగుసుకోవచ్చు.

స్కానర్ ఉంటే అంతా అదే చూసుకుంటుందన్న నమ్మకం మాత్రం సరికాదు. చాలా అమరికల్లో కంట్రోల్ యూనిట్ పట్టును కొలవదు, మోటారు ఎంత కరెంటు లాగుతోందో చూసి ప్యాడ్ ఎంత గట్టిగా నొక్కుకుందో అంచనా వేస్తుంది. డిస్క్ మీద నూనె ఉన్నా, క్యాలిపర్‌ను జరగనిచ్చే స్లైడ్ పిన్నులు బిగుసుకుని ఒక ప్యాడే పని చేస్తున్నా, కరెంటు సరిపోయిందంటే డ్యాష్‌బోర్డు మీద బ్రేక్ పడిందని దీపం వెలుగుతుంది. చేతి పిడి కాలంలో బిగువుకూ పట్టుకూ మధ్య ఉన్న తేడా ఇక్కడా ఉంది, కొలిచేది చెయ్యి కాకుండా మోటారు కావడమే మార్పు. చక్రం దగ్గరి శుభ్రతకూ పిన్నుల గ్రీజుకూ స్కానర్ బదులు కాదు.

రాపిడికి అలవాటు చెయ్యాలా

కొత్త ప్యాడ్లు కొత్త డిస్కుకు ఒదగాలంటే కొంత దూరం నెమ్మదిగా బ్రేకు వేస్తూ నడపాలన్నదానిపై అభ్యంతరం లేదు. హ్యాండ్ బ్రేక్ షూల దగ్గరే భేదం. నిలిచిన బండిని పట్టుకునే షూలు రాపిడి ఎరగవు. కొత్త డ్రమ్ము వంపుకు అవి ఒదగడం మామూలు వాడకంలో ఎప్పటికీ జరగదు. అందుకే టయోటా లాంటి తయారీదారుల మాన్యువళ్ళలో దీనికి ప్రత్యేక పద్ధతి ఉంది. పొడిగా, సమతలంగా, నిర్మానుష్యంగా ఉన్న దారిలో 50 కిలోమీటర్ల వేగంతో పోతూ, పిడి బటన్ నొక్కి పట్టుకుని 9 కిలోల బలంతో లాగి, 400 మీటర్లు నడపాలి, చల్లారనిచ్చి రెండు మూడు సార్లు చెయ్యాలి. బటన్ నొక్కి ఉంచడం ముఖ్యం, చక్రం బిగుసుకుంటే వెంటనే వదలవచ్చు.

వెనక చక్రాలు అకస్మాత్తుగా బిగుసుకుంటే బండి అదుపు తప్పి గిర్రున తిరుగుతుందని, అతిగా లాగితే లైనింగ్ కాలి ఇంకా నునుపవుతుందని అభ్యంతరాలు. రెండూ గట్టివే. అవి చెప్పేది ఈ పని ట్రాఫిక్‌లో, వానలో, మాన్యువల్ అంకెలు తెలియకుండా చెయ్యవద్దని. పనే వద్దని కాదు. కాలి బ్రేకు ప్యాడ్లనే వాడుకునే క్యాలిపర్ రకానికి మాత్రం ఇది అనవసరం, ఆ ప్యాడ్లు కాలి బ్రేకుతోనే ఒదుగుతాయి. నాలుగు చక్రాలూ ఇంజనుతో తిరిగే బండ్లకు తయారీదారు అనుమతి లేకుండా చెయ్యడం మంచిది కాదు.

బాగైందని ఎలా తెలుస్తుంది

క్లిక్కుల లెక్క సర్దుబాటుకు కొలత, పట్టుకు సాక్ష్యం కాదు. పట్టును తేల్చేది వాలు గాని రోలర్ యంత్రం గాని. బ్రిటన్‌లో మూడేళ్ళు నిండిన కారు ఏటా పరీక్షకు పోవాలి, అక్కడ రోలర్ల మీద పార్కింగ్ బ్రేక్ కనీసం 16 శాతం సామర్థ్యం చూపాలి. మన దేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 96వది ప్రతి కారుకూ కాలి బ్రేకుతో పాటు స్వతంత్రమైన పార్కింగ్ బ్రేక్ ఉండి తీరాలంటుంది. కొత్త మోడల్ అమ్మకానికి రాకముందు బ్రేకుల పరీక్ష దాటుతుంది. సొంత కారు రిజిస్ట్రేషన్ అయిన 15 ఏళ్ళకు గాని మళ్ళీ ఫిట్‌నెస్ పరీక్షకు రాదు. ఈ మధ్యలో రెండు మూడు సార్లు డిస్కులు మారవచ్చు, ప్రతిసారీ హ్యాండ్ బ్రేక్‌ను కొలిచే బాధ్యత చట్టం ఎవరి మీదా పెట్టలేదు. పొగ పరీక్ష క్రమం తప్పకుండా అడిగే వ్యవస్థ బ్రేకుల్ని ఇంతకాలం వదిలేయడం సమర్థించలేని లోటు.

గేర్‌లో పెట్టి వదిలేస్తాం, ఆటోమేటిక్ అయితే పి ఉంది, ఇంత శ్రమ ఎందుకు అన్నది తరచూ వచ్చే ప్రశ్న. గేర్‌లో నిలిచిన బండిని ఆపేది సిలిండర్లలోని ఒత్తిడి, అది పిస్టన్ రింగుల పక్క నుంచి మెల్లగా జారిపోతుంది, బండి ఒక్కో కుదుపుగా కదలవచ్చు. ఆటోమేటిక్‌లో మొత్తం బరువు ఒక చిన్న ఉక్కు కొక్కెం మీద పడుతుంది. రెండూ అదనపు రక్షణగా మంచివే. పైగా హ్యాండ్ బ్రేక్ నడక మధ్యలో కాలి బ్రేకు విఫలమైతే మిగిలే ఒక దారి కూడా.

ఇంటి దగ్గర చేసుకోదగ్గ పరీక్ష సులువే. ఎదుట, వెనక మనుషులు లేని వాలు మీద, ముందు పైకి తిరిగి, తర్వాత కిందికి తిరిగి, కాలి బ్రేకు తొక్కి, న్యూట్రల్‌లో పెట్టి, లివర్ లాగి, కాలు మెల్లగా తీయాలి. పక్కన ఒకరు చక్రాలకు చెక్క అడ్డు సిద్ధంగా ఉంచుకోవాలి. తర్వాత పది కిలోమీటర్లు నడిపి రెండు వెనక చక్రాల వేడి పోల్చి చూడాలి. ఒకటే ఎక్కువ వేడిగా ఉంటే ఆ వైపు రాసుకుంటోంది.

ఇంకా తేలనివి

వేడి మీద పార్కింగ్ అందులో మొదటిది. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు దిగి అలిపిరి దగ్గర ఆపిన కారు డిస్కులు బాగా వేడెక్కి ఉంటాయి. పది మిల్లీమీటర్ల మందం ఉన్న డిస్క్ 300 డిగ్రీలు చల్లారితే 0.03 మిల్లీమీటరు సన్నబడుతుంది, ప్యాడ్లు కూడా కుంచించుకుంటాయి, క్యాలిపర్ రకంలో బిగింపు తగ్గుతుంది. కేబుల్ రకంలో కేబుల్ సాగుగుణం కొంత పూడుస్తుంది. మోటారు రకం బిరుసైనది కనుక చాలా కార్లలో కొన్ని నిమిషాల తర్వాత మోటారు తనంతట మళ్ళీ బిగిస్తుంది. డిస్క్ లోపలి డ్రమ్ములో ఇది తలకిందులు: వేడికి పెద్దదైన డ్రమ్ము చల్లారి షూల మీద ఇంకా బిగుస్తుంది, పొద్దున లివర్ దించినా వదలకపోవచ్చు. వేడిగా ఉన్నప్పుడు ఒక క్లిక్కు ఎక్కువ లాగాలా, తక్కువ లాగాలా అన్న ప్రశ్నకు రకాన్ని బట్టి జవాబు తిరగబడుతుంది. యజమాని చేతి పుస్తకాలు మాత్రం ఈ భేదాన్ని చాలావరకు వివరించవు.

రెండోది వాడకం. హ్యాండ్ బ్రేక్ తరచూ వాడకపోతే కేబుల్, లివర్ తుప్పుతో బిగుసుకుంటాయి. వానాకాలంలో లాగి వారాల తరబడి వదిలేస్తే షూలు డ్రమ్ముకు అతుక్కుంటాయి. రోజువారీ వాడకానికి లాగడం, ఎక్కువ రోజులు నిలిపేటప్పుడు గేర్, చక్రాలకు అడ్డు పెట్టి లివర్ దించడం అనేది ప్రస్తుతానికి సబబైన మధ్యేమార్గం.

మూడోది విద్యుత్ కార్లు. మోటారుతోనే వేగం తగ్గించుకునే ఈ బండ్లలో వెనక డిస్కులు తగినంత పని లేక, అరగకముందే తుప్పు పడుతున్నాయి. ఫోక్స్‌వ్యాగన్ ఐడీ 3, ఐడీ 4 కార్లలో వెనక తిరిగి మూసి ఉండే డ్రమ్ములకే పోయింది. వాడక తుప్పు పట్టే డిస్క్ మేలా, ధూళీ నీళ్ళూ దూరని డ్రమ్ము మేలా అన్న ప్రశ్న ఎప్పుడో ముగిసిందనుకున్నారు. వెనక చక్రాల మేరకు అది మళ్ళీ తెరుచుకుంది. డ్రమ్ములే తిరిగి వచ్చిన బండ్లలో ఈ వ్యాసం చర్చించిన చిక్కుల్లో సగం ఉండవు, డిస్కులతోనే సాగే బండ్లలో తుప్పు వల్ల మార్పిడులు పెరిగి ఇవే చిక్కులు ఇంకా తరచుగా వర్క్‌షాపుకు వస్తాయి.